రీస్టోర్ చేసిన బెంట్లీ మార్క్ 6 డ్రాప్‌హెడ్ కొనేముందు: ఏ వరుసలో, ఏమేం, ఎలా చూడాలి

ఇంగ్లండ్‌లో అమ్మకానికి కనిపించే యుద్ధానంతర బ్రిటిష్ లగ్జరీ కన్వర్టిబుల్స్‌లో మన పాఠకులు ఎక్కువగా అడిగేది బెంట్లీ మార్క్ 6 డ్రాప్‌హెడ్ కూపే (మడిచే బట్ట టాప్ ఉన్న కారు) గురించే. ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "ఫోటోల్లో అద్దంలా ఉంది, చూడ్డానికి వెళ్తున్నాం, అక్కడ ఏం చూడాలి?"

రంగు, తోలు, క్రోమ్ చివర్లో చూడండి. ముందు కాగితాలు, తర్వాత చట్రం, ఆ తర్వాత ఇంజన్. ఈ వరుస తలకిందులు చేసినవాళ్లే ఎక్కువగా నష్టపోతారు, ఎందుకంటే మెరుపు చూశాక లోపాలు వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

1. బయల్దేరక ముందే: ఇది పుట్టుకతో డ్రాప్‌హెడ్డేనా?

మార్క్ 6 క్రూ ఫ్యాక్టరీలో 1946 నుంచి 1952 దాకా తయారైంది. మొత్తం ఐదు వేలకు పైగా కార్లలో సుమారు ఐదింట నాలుగు వంతులు ఫ్యాక్టరీ స్టీల్ బాడీతో వచ్చిన నాలుగు డోర్ల సెలూన్లే (గట్టి టాప్ ఉన్న కార్లు). ఓపెన్ టాప్ కార్లు ఫ్యాక్టరీ బాడీలు కావు. ఛాసిస్ (ఇంజన్, చక్రాలు ఉన్న అడుగు భాగం) ఒక్కటే కోచ్‌బిల్డర్ దగ్గరికి వెళ్లి, అక్కడ బాడీ కట్టించుకునేది. పార్క్ వార్డ్, హెచ్.జె. మలినర్, జేమ్స్ యంగ్ వంటివి ఆ కంపెనీలే.

అసలు డ్రాప్‌హెడ్‌కీ సెలూన్‌కీ ధరలో చాలా తేడా ఉంటుంది. అందుకే తుప్పు పట్టిన సెలూన్ టాప్ కోసేసో, ఖాళీ ఛాసిస్ మీద కొత్త బాడీ కట్టేసో అమ్మే కార్లున్నాయి. అలా కట్టడం నేరం కాదు, కొన్ని చక్కగా కూడా ఉంటాయి. కానీ వాటికి అసలు డ్రాప్‌హెడ్ ధర పెట్టకూడదు.

తేల్చుకునే దారి ఇది:

- అమ్మేవాళ్లను ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఫోటోలతో సహా అడగండి. "వచ్చినప్పుడు చూడొచ్చు" అంటే ప్రయాణం వాయిదా వేయండి.
- నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీలో, హంట్ హౌస్‌లో రోల్స్-రాయిస్ ఎంథూజియాస్ట్స్ క్లబ్ ఉంది. ఛాసిస్ కార్డుల (ఒక్కో కారు ఎలా తయారైందో రాసిన ఫ్యాక్టరీ రికార్డుల) నకళ్లు అక్కడ రుసుము కట్టి తీసుకోవచ్చు.
- కార్డులో కోచ్‌బిల్డర్ పేరు, బాడీ రకం, ఇంజన్ నంబరు, మొదటి యజమాని చూడండి. బాడీ రకం దగ్గర సెలూన్ అని ఉంటే మీ ముందున్న డ్రాప్‌హెడ్ తర్వాత పుట్టింది.
- ఛాసిస్ నంబర్లలో 13 వాడలేదు. అది కనిపిస్తే ప్లేట్ మీద అనుమానం రావాల్సిందే.
- రిజిస్ట్రేషన్ పత్రం వి5సిలో నంబర్లు, బాడీ రకం సరిపోవాలి. వి5సి యాజమాన్యానికి రుజువు కాదు, కొన్న రసీదు విడిగా చూపించమనండి.
- ఎమ్ఓటీ (బ్రిటన్‌లో బండి రోడ్డుకు తగినదా అని చేసే ఏటా పరీక్ష) చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏటా తిరిగిన మైళ్లు, పాత ఫెయిల్యూర్లు, తుప్పు గురించిన హెచ్చరికలు అందులో ఉంటాయి. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికి ఎమ్ఓటీ తప్పనిసరి కాదు కాబట్టి ఇటీవలి సంవత్సరాలు ఖాళీగా ఉండొచ్చు. అది తప్పు కాదు. అయినా ఇష్టపూర్వకంగా ఎమ్ఓటీ చేయించిన యజమాని మీద కాస్త నమ్మకం పెట్టుకోవచ్చు.

ఇంజన్ నంబరు కార్డుతో కలవకపోతే కారు పనికిరాదని కాదు. ధర తగ్గాలి, అంతే. బాడీ కలవకపోతే మాత్రం మీరు కొనేది వేరే వస్తువు.

2. "ఫుల్లీ రీస్టోర్డ్" అన్న మాటను విడగొట్టండి

ఆ మాట వెనక చట్రం దాకా విప్పి చేసిన పని ఉండొచ్చు, పాత రంగు మీద కొత్త రంగు కొట్టిన పనీ ఉండొచ్చు. ఫోన్‌లోనే ఈ ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోండి:

- బాడీని ఛాసిస్ మీద నుంచి లేపారా? లేపినప్పటి ఫోటోలున్నాయా?
- బాడీ లోపలి కలప మార్చారా? ఎక్కడెక్కడ?
- ఇంజన్ విప్పినప్పుడు క్రాంక్‌షాఫ్ట్ బయటికి తీశారా, హెడ్ ఒక్కటే తీశారా?
- ఏ సంవత్సరంలో చేశారు, తర్వాత ఎన్ని మైళ్లు తిరిగింది?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. రీస్టోర్ చేసి పదిహేనేళ్లు గ్యారేజీలో పడుకోబెట్టిన కారుకు రబ్బరు గొట్టాలు, బ్రేక్ సిలిండర్లు, టైర్లు అన్నీ మళ్లీ చేయాలి. ఏటా వెయ్యి మైళ్లు తిరిగిన కారు, రంగు కాస్త వెలిసినా, అంతకన్నా మంచి బేరం.

బిల్లులు లేని పనిని జరగని పనిగానే లెక్కేయండి.

3. వెంట తీసుకెళ్లాల్సినవి

- బలమైన టార్చి, చిన్న అద్దం, ఫోన్‌కి తగిలించే గొట్టం కెమెరా
- బట్ట చుట్టిన చిన్న అయస్కాంతం
- అల్యూమినియం మీద కూడా చదివే పెయింట్ గేజ్
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, కంప్రెషన్ గేజ్
- ఛాసిస్ కార్డు నకలు
- తోడుగా ఒక మనిషి. డోర్లు, టాప్ ఒక్కరే సరిగ్గా చూడలేరు

ఇంజన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. చేరగానే రేడియేటర్ షెల్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లారేదాకా బాడీ చూసుకోవచ్చు, కానీ ముందే ఎందుకు స్టార్ట్ చేశారో అడగాలి.

4. బాడీ, కలప, ఛాసిస్

మొత్తం పరీక్షలో సగం సమయం ఇక్కడే పెట్టండి. ఇంజన్ ఎంత ఖరీదైనా దాని లెక్క ముందే వేయొచ్చు. పుచ్చిన చట్రం లెక్క మాత్రం విప్పేదాకా తేలదు.

4.1 అయస్కాంతం ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

కోచ్‌బిల్ట్ బాడీల్లో పై రేకు ఎక్కువగా అల్యూమినియం. దానికి అయస్కాంతం అంటుకోదు, కాబట్టి "అంటుకోలేదు, కింద లప్పం ఉంది" అనేసుకోకండి. ఇక్కడ పెయింట్ గేజే దిక్కు. మళ్లీ రంగేసిన కారులో 200, 300 మైక్రాన్లు మామూలే. ఒక చోట 1000 దాటితే అక్కడ లప్పం ఉన్నట్టే. డోర్ల అడుగు, చక్రాల పైభాగం అంచులు, వెనక మడ్‌గార్డ్ బాడీతో కలిసే చోటు వరుసగా కొలవండి.

అయస్కాంతంతో ఇంకో పని ఉంది. అల్యూమినియం ఉండాల్సిన ప్యానెల్‌కి అది గట్టిగా అంటుకుంటే ఆ ముక్క తర్వాత వేసిందో, సెలూన్ నుంచి వచ్చిందో.

అల్యూమినియం ఇనుముని తాకే చోట తడి చేరితే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. డోర్ అంచుల్లో, స్క్రూల చుట్టూ రంగు పొక్కులు లేచాయంటే ఆ పని మొదలైందన్నమాట. పైన రంగేస్తే ఆగదు. రేకు విప్పి, మధ్యలో తడి చేరని పొర పెట్టి మళ్లీ బిగించాలి.

4.2 డోర్ పరీక్ష

చాలా డ్రాప్‌హెడ్‌లలో డోర్ స్తంభాలు ఆష్ కలపవి, డోర్లేమో పెద్దవి, బరువైనవి. టాప్ గట్టిది కాదు కాబట్టి బరువంతా ఆ స్తంభాల మీదే.

డోర్‌ని సగం తెరిచి, హ్యాండిల్ ఉన్న చివర పట్టుకుని మెల్లగా పైకి లేపండి. మీతో వచ్చినవాళ్లు డోర్ బందుల (హింజ్‌ల) దగ్గర వేలు పెట్టి ఉంచాలి. కదలిక బందు పిన్నులోనే ఉంటే చిన్న పని: పిన్ను, బుష్ మారిస్తే సరి. బందు బిగించిన స్తంభమే వేలి కింద కదిలితే లోపల కలప పుచ్చింది. అది మార్చాలంటే రేకు, ట్రిమ్, ఒక్కోసారి విండ్‌స్క్రీన్ కూడా విప్పాలి.

తర్వాత డోర్ మూసి, పైన, మధ్యలో, కింద సందులు గమనించండి. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ముందు జాక్ పాయింట్ దగ్గర ఒక చక్రం కొద్దిగా లేపి మళ్లీ చూడండి. సందు మారినా, డోర్ బిగుసుకున్నా చట్రం వంగుతోంది. టాప్ వేసి ఒకసారి, తీసి ఒకసారి ఇదంతా చేయాలి. వేసినప్పుడు బాగుండి తీసినప్పుడు డోర్ పట్టేస్తే టాపే బాడీని నిలబెడుతోందని అర్థం.

4.3 తడి నిలిచే చోట్లు

- కార్పెట్ లేపి డోర్ల కింది సిల్స్
- టాప్ వెనక అంచు మేకులు కొట్టిన కలప పట్టీ; బట్ట మీంచే బొటనవేలితో నొక్కండి, మెత్తగా దిగితే కలప చివికింది
- టాప్ మడిచి పెట్టే గుంట అడుగు, దాని నీటి రంధ్రాలు
- డిక్కీ నేల, స్పేర్ వీల్ అర
- విండ్‌స్క్రీన్ కింది మూలలు

4.4 ఛాసిస్

ముందు భాగం తరచూ నూనె మరకలతో బతికిపోతుంది. తుప్పు వెనకే: వెనక ఇరుసు మీదుగా ఛాసిస్ పైకి వంగే చోట, కమాన్ కట్టలు తగిలించే బ్రాకెట్ల చుట్టూ. కొత్తగా దట్టంగా నల్ల అండర్‌సీల్ కొట్టి ఉంటే చిన్న స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పొరలు విడిన ఇనుము మొద్దుగా పలుకుతుంది.

5. టాప్

టాప్ వేయడం, తీయడం మీ ముందే పూర్తిగా చేయించండి. కొన్ని కార్లలో పవర్‌తో పనిచేస్తుంది, కొన్నింటిలో చేత్తోనే. పవర్‌ది అయితే మధ్యలో ఆగకుండా, రెండు వైపులా ఒకే వేగంతో లేవాలి. ఒక పక్క వెనకబడితే ఫ్రేమ్ మెలితిరుగుతుంది, కీళ్ల దగ్గర బట్ట చిరుగుతుంది.

ముందు పట్టీ విండ్‌స్క్రీన్ అంచు మీద చేత్తో లాగకుండానే కూర్చోవాలి. ఇద్దరు వేలాడి క్లిప్ పెడుతుంటే బట్ట కుంచించుకుపోయింది లేదా కొలత తప్పి కుట్టారు. పక్క అద్దాలు పైకెత్తి, రబ్బరుకి అద్దానికి మధ్య సన్నటి కాగితం పెట్టి లాగండి. ఎక్కడ జారిపోతే వాన అక్కడ లోపలికొస్తుంది.

కుదిరితే నీళ్లు పోయించి చూడండి. కింద నుంచి మొదలెట్టి పైకి వెళ్లాలి. పైనుంచి మొదలెడితే నీరు ఎక్కడ దూరిందో తెలియదు.

టాప్ ఫ్రేమ్ బాగుండి బట్ట పాతదైతే భయం అక్కర్లేదు, ట్రిమ్మర్ కుట్టిపెడతాడు. బట్ట కొత్తదై ఫ్రేమ్ వంకరైతే కొత్త బట్ట కూడా దండగే.

6. ఇంజన్: చల్లగా మొదలుపెట్టి వేడయ్యేదాకా

ఆరు సిలిండర్లు, జంట ఎస్‌యూ కార్బొరేటర్లు. 1951 మధ్య వరకు 4,257 సీసీ, ఆ తర్వాత 4,566 సీసీ. ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాక్ పక్కన ఉంటాయి. హెడ్ అల్యూమినియం, బ్లాక్ పోత ఇనుము. లోపాలు ఎక్కువగా ఈ అమరికలోంచే వస్తాయి.

6.1 స్టార్ట్ చేయకముందు

రేడియేటర్ మూత తీసి నీరు చూడండి. అల్యూమినియం హెడ్‌కి తుప్పు ఆపే కూలెంట్ ఉండి తీరాలి. గోధుమరంగు బురదనీరు కనిపిస్తే నీటి జాకెట్‌లో (సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే ఖాళీలో) మట్టి పేరుకుంది. అది బ్లాక్ వెనక భాగంలో, ఆరో సిలిండర్ చుట్టూ, ముందుగా చేరుతుంది.

ఆయిల్ చూడండి. తెల్లటి వెన్నలాంటి పొర ఫిల్లర్ మూతకి అంటితే నీరు కలుస్తోందేమో చూసుకోవాలి. చలికాలంలో తక్కువ తిరిగే కారులో కొద్దిగా ఉండటం మామూలే.

ఇగ్నిషన్ వేయగానే పెట్రోల్ పంపు టక్‌టక్‌మని కాసేపు కొట్టి ఆగాలి. ఆగకుండా కొడితే ఎక్కడో లీకు, గాలి పీలుస్తోంది లేదా కార్బొరేటర్ ఫ్లోట్ వాల్వ్ పట్టడం లేదు.

6.2 నడుస్తుండగా

స్టార్ట్ అయ్యాక నీలి పొగ ఒక క్షణం వచ్చి పోతే ఫరవాలేదు. ఆగకుండా వస్తే పిస్టన్ రింగులో, సిలిండర్ బోరో అరిగింది.

పూర్తిగా వేడెక్కాక, రోడ్డు వేగంలో ఆయిల్ ప్రెషర్ 25 పౌండ్ల (పీఎస్‌ఐ) దగ్గర ఉండాలి. ఆధునిక కార్లకు అలవాటుపడ్డవాళ్లు ఆ అంకె చూసి కంగారుపడతారు, ఈ ఇంజన్‌కి అది సరైనదే. సగానికి పడిపోతే బేరింగులు, రిలీఫ్ వాల్వ్ చూపించాలి.

పాత 4¼ లీటర్ ఇంజన్లలో ఫిల్టర్‌లోంచి ఆయిల్‌లో కొంత భాగమే వెళ్తుంది. వడపోయని మురికి ఏళ్లతరబడి క్రాంక్‌షాఫ్ట్ లోపలి ఆయిల్ దారుల్లో గడ్డకడుతుంది. క్రాంక్ తీశారా అని రెండో మెట్టులో అడగమన్నది ఇందుకే. తీయకుండా, శుభ్రం చేయకుండా పైపైన రింగులు మార్చి "ఇంజన్ రీబిల్డ్" అని బిల్లు రాసిన కారుకు ఇంకో రీబిల్డ్ బాకీ ఉంది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో బ్లాక్ ముందు, మధ్య, వెనక ఒకే ఎత్తులో కొలవండి. వెనక చివర మిగతా చోట్లకన్నా బాగా వేడిగా ఉంటే, డాష్‌బోర్డు గేజ్ ఎంత మామూలుగా చూపించినా, జాకెట్ మూసుకుపోతోంది. బ్లాక్ పక్కనున్న నీటి జాకెట్ ప్లగ్గులు విప్పి, బ్లాక్ కడిగించాలి. వదిలేస్తే హెడ్ వంగుతుంది. పైగా ఆ హెడ్ స్టడ్లకు తుప్పుతో పట్టేసి ఉంటే తీయడానికే రోజులు పడతాయి.

6.3 కంప్రెషన్

వేడి ఇంజన్ మీద, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొలవాలి. అంకె ఎంతన్నదానికన్నా ఆరూ సమానంగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. పది శాతం తేడా దాటకూడదు.

- ఒకటి తక్కువ, చెంచా ఆయిల్ పోస్తే పెరిగింది: రింగులు లేదా బోరు
- ఆయిల్ పోసినా పెరగలేదు: వాల్వ్, ఎక్కువగా ఎగ్జాస్ట్‌దే
- పక్కపక్క రెండు తక్కువ: హెడ్ గాస్కెట్

7. ఒన్-షాట్ ఆయిలింగ్

కొత్త కొనుగోలుదారులు దీన్ని చూడటమే మర్చిపోతారు. డాష్‌బోర్డు కింద చిన్న పెడల్ ఉంటుంది. నొక్కితే సన్నటి గొట్టాల ద్వారా సస్పెన్షన్, స్టీరింగ్ కీళ్లకు ఆయిల్ వెళ్తుంది.

పెడల్ నొక్కి వదలండి. అది తొందరపడకుండా, నెమ్మదిగా పైకి రావాలి. టక్కున వచ్చేస్తే గొట్టం ఎక్కడో తెగింది లేదా రిజర్వాయర్ ఖాళీ. అసలు రాకపోతే మూసుకుపోయింది. తర్వాత కిందికి దూరి ముందు చక్రాల కింగ్‌పిన్నులు (చక్రం పక్కకు తిరిగే ఇరుసు పిన్నులు), కమాన్ కట్టల తోలు తొడుగులు చూడండి. అక్కడ తడి ఉండాలి. అన్నీ శుభ్రంగా, పొడిగా మెరుస్తుంటే మెచ్చుకోకండి, ఆయిల్ అందడం లేదు. అరిగిన కింగ్‌పిన్నుల ఖర్చు మీ మీద పడుతుంది.

8. రోడ్డు మీద

కనీసం 15 మైళ్లు, అందులో కొంత ట్రాఫిక్. రైట్ హ్యాండ్ డ్రైవ్ కారులో గేర్ రాడ్ మీ కుడి కాలి పక్కన ఉంటుంది; ఎక్కేటప్పుడు ప్యాంటు తగులుతుంది, జాగ్రత్త. రెండు, మూడు, నాలుగు గేర్లకు సింక్రో (పళ్లు గీసుకోకుండా గేర్ పడేలా చేసే అమరిక) ఉంది. మొదటి గేర్‌కి లేదు, అది కాస్త ఊళ పెట్టడం సహజం. రెండులో పళ్లు గీసుకుంటే మాత్రం సింక్రో అరిగింది.

బ్రేక్ సర్వో (కాలి బలాన్ని పెంచే అమరిక) గేర్‌బాక్స్ తిరిగితేనే పనిచేస్తుంది. నడక వేగంలో పెడల్ బరువుగా, ఒక క్షణం ఆలస్యంగా అనిపించడం లోపం కాదు. 30 మైళ్ల వేగంలో మాత్రం తేలిక కాలికే కారు నిటారుగా ఆగాలి.

- గుంజి గుంజి పట్టుకుంటోంది: గేర్‌బాక్స్ ఆయిల్ సర్వో లైనింగ్ మీద పడుతోంది
- పెడల్ కొడుతోంది: డ్రమ్ములు గుండ్రం తప్పాయి
- ఒక పక్కకు లాగుతోంది: ఎదుటి పక్క సిలిండర్ పట్టేసింది, లేదా అక్కడి లైనింగ్ తడిసింది

స్టీరింగ్ మధ్యలో ఉన్న రైడ్ కంట్రోల్ మీట వెనక డ్యాంపర్లను (షాక్ అబ్జార్బర్లను) గట్టిపరుస్తుంది. బండి ఆపి బంపర్ నొక్కి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే దాని పంపు కూడా గేర్‌బాక్స్‌తోనే తిరుగుతుంది. ఒకే గతుకుల రోడ్డు మీద రెండు సెట్టింగుల్లోనూ నడిపి తేడా పట్టండి.

దిగాక కింద చూడండి. నాలుగు చుక్కల ఆయిల్ పడితే ఈ కార్లలో అలవాటే. ధార కడితే కాదు.

9. లోపల, త్వరగా

తోలు కొత్తదా పాతదా అన్నది ఇష్టాన్ని బట్టి. కుట్లు సరిగా ఉన్న పాత తోలు కొత్తదానికన్నా విలువైనదని మా అభిప్రాయం. వాల్‌నట్ పొర ఎండకి పగిలిందా, అంచులు లేచాయా చూడండి. డాష్‌బోర్డు మీద బటన్ నొక్కితే పెట్రోల్ గేజ్ ఇంజన్ ఆయిల్ మట్టం చూపించాలి. చాలా కార్లలో ఇది పనిచేయదు, బేరానికి పనికొస్తుంది. టైర్ పక్కన చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. పదేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా మార్చాల్సిందే.

10. బేరం, డబ్బు

దొరికిన లోపాలను మూడు కుప్పలు చేయండి: నడపడానికి ముందే చేయాల్సినవి, ఏడాదిలో చేయాల్సినవి, వదిలేసినా నష్టం లేనివి. మొదటి రెండింటికి మార్క్ 6 తెలిసిన స్పెషలిస్ట్ దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకుని, ఆ కాగితంతో బేరమాడండి.

ఎక్కడ కొంటున్నారన్నది కూడా ముఖ్యం. బ్రిటన్‌లో డీలర్ దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద, లోపమున్న బండిని 30 రోజుల్లో తిప్పి ఇచ్చేసే హక్కుంది. సొంత యజమాని అమ్మితే బండి ప్రకటనలోని వివరణకి సరిపోవాలన్నదే ప్రధాన రక్షణ, కాబట్టి ప్రకటనను దాచుకోండి. వేలంలో రక్షణ ఇంకా తక్కువ, పైగా పాడిన ధర మీద కొనుగోలుదారు ప్రీమియం, దాని మీద వ్యాట్ పడతాయి. పరిమితి పెట్టుకునేటప్పుడే అవి కలిపి లెక్కేయండి.

రసీదులో ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, కోచ్‌బిల్డర్ పేరు రాయించండి. ఇన్సూరెన్స్ ముందే ఒప్పుకున్న విలువకి తీసుకోండి, మార్కెట్ విలువకి కాదు.

11. ఇండియాకు తెచ్చే ఆలోచన ఉంటే

స్టీరింగ్ మన వైపే ఉండటం ఒక సౌకర్యం. కానీ అడ్వాన్స్ ఇవ్వకముందే కస్టమ్స్ ఏజెంటు దగ్గర దిగుమతి అనుమతి, సుంకం ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. సుంకం కారు ధరతో పోటీపడే స్థాయిలో ఉంటుంది.

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించి, వీఏ అక్షరాలున్న నంబరు తీసుకోవచ్చు. రోజువారీ తిరుగుడికి, వ్యాపారానికి ఆ బండి వాడకూడదు. ఇంకో షరతు: ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా బండి అసలు రూపంలో ఉండాలి. టాప్ కోసిన సెలూన్ ఈ షరతు దగ్గరే ఇరుక్కుంటుంది. ఛాసిస్ కార్డు నకలు ఫైల్లో పెట్టుకోండి.

12. కొన్నాక మొదటి నెల

- ఆయిల్, కూలెంట్, బ్రేక్ ద్రవం మూడూ మార్చండి. పాత యజమాని మొన్ననే మార్చానన్నా సరే.
- లోపల ఎప్పుడూ శుభ్రం చేయని ఇంజన్‌లో ఒక్కసారిగా డిటర్జెంట్ ఆయిల్ పోయకండి. కదిలిన మురికి బేరింగుల దారి మూస్తుంది. స్పెషలిస్ట్‌ని అడిగి పోయండి.
- బ్రిటన్ బంకుల్లో 2021 నుంచి మామూలు పెట్రోల్ ఈ10. ఈ కారుకు ఈ5 సూపర్ గ్రేడే పోయించండి. ఎక్కువ ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది.
- ఒన్-షాట్ పెడల్ నొక్కడం హ్యాండ్‌బుక్‌లో చెప్పిన మైళ్ల ప్రకారం అలవాటు చేసుకోండి.
- తడిసిన టాప్‌ని ఆరేదాకా మడవకండి.
- రెండు వందల మైళ్లయ్యాక డోర్ సందులు, ఆయిల్ ప్రెషర్, బ్లాక్ వెనక వేడి మళ్లీ కొలిచి, మొదటి రోజు అంకెల పక్కన రాసుకోండి.